కూర్చుని చూసే స్టాండు

సూరత్, అడాజణ్
22 అక్టోబరు 2005

ఒరే ఫణీ,

ఆశీస్సులు. దసరాకి ఫోన్ చేసి ఇంటిల్లిపాదితో మాట్లాడి, నా దగ్గరికొచ్చేసరికి "నీకు ఉత్తరం రాస్తాలే అక్కా" అని పెట్టేశావు. ఫోను పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ, పిట్టలకి మాత్రం ఉత్తరం అని నియమం పెట్టిందే నేను కాబట్టి నోరు మూసుకున్నాను. పినతల్లి కొడుకువే అయినా నాకు తోడబుట్టినవాడి కిందే లెక్క. లేకపోతే ఇంత పొగరు ఎవరిది సహిస్తాను?

సంగతేమిటంటే, అవి మళ్ళీ వచ్చాయి. కిందటేడు రాశాను కదా, డాంగ్ అడవుల్లో కొండ గోడ మీద రాబందుల జంట ఉందని. అదే గూటికి ఈ ఏడూ పుల్లలు మోస్తున్నాయి. పశువులకిచ్చే నొప్పి మందు, వాటి కళేబరాలు తిన్న రాబందుల్ని ఊళ్ళకి ఊళ్ళే తుడిచిపెట్టేస్తోందని నీకు తెలుసు. ఈ చుట్టుపక్కల నేను చూసిన జంట ఇదొక్కటే. ఏడాదికి పెట్టేది ఒకే ఒక్క గుడ్డు. అది పిల్లై ఎగిరిపోయేదాకా నాకు నిద్ర పట్టదు.

ఎక్కడని నువ్వు అడగవు, నేను చెప్పను. గూడున్న చోటు కన్నతల్లికి కూడా చెప్పకూడదని నీ చిన్నప్పుడు నేర్పింది నేనే.

ఇప్పుడు అసలు గొడవ. మీ బావగారు కంపెనీ పని మీద కొరియా వెళ్ళినప్పుడు తెచ్చిన స్కోపు, అదే, ఒక కన్ను మూసి చూసే పెద్ద దుర్భిణి, బంగారంలా ఉంది. దాన్ని నిలబెట్టే స్టాండే నా ప్రాణం తీస్తోంది. ఖటోదరాలో పెళ్ళి వీడియోలు తీసే అతను దుకాణం ఎత్తేస్తుంటే కొన్నాను. ఉత్త ఇనుము. దాన్ని మోసుకుని కొండెక్కేసరికి నేను రాబందుల్ని చూడటం అటుంచి, అవే నన్ను ఆశగా చూస్తున్నాయి. కుడి భుజం మీద బరువు పెట్టొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఇలాగే మోస్తే ఈ ఏడాదితో కొండలు సరి అన్నాడు.

నీకు కెమెరాల పిచ్చి ఉంది, స్టాండ్ల సంగతి నాకంటే ఎక్కువ తెలుసు. తేలికైన ట్రైపాడ్ ఒకటి చూసి చెప్పు. తేలిక అన్నానని గాలికి వణికేది చెప్పకు. ముప్ఫై రెట్లు పెద్దది చేసి చూస్తున్నప్పుడు స్టాండు ఇసుమంత కదిలితే కొండే కదులుతుంది.

మీ అక్క
శేషారత్నం

❖

హైదరాబాద్, బర్కత్‌పురా
5 నవంబరు 2005

అక్కకి నమస్కారాలు.

మళ్ళీ వచ్చాయన్న మాట చదివి ప్రాణం లేచొచ్చింది. ఇన్సూరెన్స్ ఆఫీసులో కూర్చుని ఫైళ్ళ కింద పెట్టుకుని చదివాను. ఎక్కడని అడగను, భయపడకు.

కానీ ట్రైపాడ్ అంటే చెప్పుల జత కాదు, నంబరు చెప్పి తెప్పించుకోవడానికి. అన్నిటికీ సరిపోయేది ప్రపంచంలో లేదు. తేలికైతే వణుకుతుంది, వణక్కపోతే బరువు, రెండూ కాకపోతే ధర చూసి బావగారు వణుకుతారు. నువ్వు వాడే చోటుకి సరిపోయేది ఎంచాలి. అందుకని అడుగుతున్నాను, విసుక్కోకుండా రాయి.

ఎంతసేపు నడుస్తావు? దారి ఎలాంటిది, వెదురా, బండలా, వాగులు దాటాలా? నీళ్ళలో దిగితే కాళ్ళ బిగింపుల్లో ఇసుక పడుతుంది, అందుకు. కూర్చుని చూస్తావా, నిలబడా? స్టాండు ఎంత ఎత్తుంటే అంత బరువు. నేల చదునా, వాలా? గాలి ఎటు నుంచి, ఏ వేళలో? గూటికీ నీకూ మధ్య ఎంత దూరం? పొద్దున ఎండ నీ వెనక నుంచా, ఎదురా? ఎదురైతే స్కోపు ముందు గొట్టం పెట్టాలి, ఆ బరువు కూడా లెక్కలోకి వస్తుంది.

భుజం జాగ్రత్త. నా మొదటి దుర్భిణి కొనిపెట్టిన చెయ్యి అది.

నీ తమ్ముడు
ఫణి

❖

సూరత్
20 నవంబరు 2005

ఒరే ఫణీ,

నీ ఉత్తరం మీ బావగారికి చదివి వినిపించాను. "మన పెళ్ళిచూపుల్లో మీవాళ్ళు కూడా నన్ను ఇన్ని అడగలేదే" అన్నారు. నాకు మాత్రం ముచ్చటేసింది. ఈ ఊళ్ళో కెమెరా దుకాణంవాడు "లై జావ్ బెన్, ఫస్ట్ క్లాస్ మాల్ ఛే", తీసుకెళ్ళమ్మా, మంచి సరుకు, అని చేతిలో పెట్టి పంపేవాడే తప్ప, ఏ కొండెక్కుతావమ్మా అని అడిగినవాడు లేడు.

రాస్తున్నాను, విను. శనివారం బస్సు దిగి తెలిసినవాళ్ళింట్లో పడుకుని, తెల్లవారకముందే బయల్దేరతాను. వాగు రెండుసార్లు దాటాలి. ఒకటే వాగు, పాములా చుట్టు తిరిగి మళ్ళీ అడ్డమొస్తుంది. మోకాలి లోతు. రెండోసారి దాటాక వెదురు, ఆ తర్వాత టేకు, ఆపైన నిట్టనిలువు ఎక్కుడు. టేకు అయిపోయేచోట చూరులా ముందుకొచ్చిన బండ ఉంది. దాని కింద దూరి కూర్చోవాలి. నిలబడ్డావా, నెత్తి పగులుతుంది. నేల ఎడమకి వాలు. స్టాండు రెండు కాళ్ళు కింద, ఒకటి పక్క రాతి మీద ఎక్కించాలి. నా ఇనుప స్టాండు అలా వంగనే వంగదు, అందుకే దాన్ని నా ఒళ్ళో కూర్చోబెట్టుకుని చూస్తున్నాను.

లోయకి అవతల గోడ మీద గూడు. అరకిలోమీటరు లోపే. పొద్దున ఎండ నా వెనక నుంచి వెళ్ళి సూటిగా గూటి మీద పడుతుంది. నీ గొట్టం అక్కర్లేదు. ఎండ ఎక్కాక లోయలోంచి గాలి పైకి తంతుంది. ఆ గాలి మీదే అవి రెక్క విదల్చకుండా లేస్తాయి. అప్పుడే స్టాండు వణుకుతుంది.

చాలా? ఊరి పేరు తప్ప అన్నీ చెప్పేశాను.

మీ అక్క

❖

హైదరాబాద్
14 డిసెంబరు 2005

అక్కా,

దొరికింది. సింగపూర్ నుంచి వచ్చే స్నేహితుడితో తెప్పిస్తున్నాను. ధర అడక్కు. నా బహుమతి.

కాళ్ళు కార్బన్ ఫైబర్‌వి. చేత్తో పట్టుకుంటే గొడుగు పట్టుకున్నట్టుంటుంది. కాలికి మూడు ముక్కలే. నాలుగైదు ముక్కలవి మడిస్తే పొట్టిగా అవుతాయి కానీ చివరి ముక్క పుల్లలా ఉండి వణుకుతుంది. ఒక్కో కాలూ విడివిడిగా, నేలకి దాదాపు ఆనేదాకా తెరుచుకుంటుంది. నీ పక్క రాతి మీద ఒక కాలు హాయిగా పడుకుంటుంది. మధ్య కడ్డీ తీయించేశాను. కూర్చుని చూసేవాళ్ళకి అది దండగ, గాలికి మొదట ఊగేది అదే. ఆ చోట ఒక కొక్కెం ఉంది, నీ సంచీ తగిలిస్తే స్టాండు నేలకి అతుక్కుపోతుంది. పైన స్కోపు బిగించడానికి బంతిలా తిరిగే హెడ్ వద్దు. బిగింపు వదులైతే చాలు, స్కోపు ముక్కు వేలాడేస్తుంది. పక్కలకీ పైకీ మాత్రమే తిరిగే చిన్నది పెట్టించాను, ఒకటే పిడి. నిలబడితే నీ నడుం దాకా కూడా రాదు, కానీ నీకు కావలసింది కూర్చుని చూసే స్టాండే కదా.

ఒక్క మాట. ప్రతిసారీ అన్నీ సూరత్ నుంచి మోయడం దేనికి? నువ్వు బస చేసే ఇంట్లో పాత సామాను వదిలిపెట్టచ్చుగా? నమ్మకస్తులేనా? ఎవరు వాళ్ళు?

ఫణి

❖

సూరత్
31 జనవరి 2006

ఒరే నా బంగారు ఫణీ,

పార్సెల్ విప్పి, స్టాండు చేత్తో ఎత్తి, డబ్బాలో ఇంకేదో మిగిలిపోయిందేమోనని మళ్ళీ వెతికాను. అంత తేలిక. మీ బావగారు దాన్ని హాల్లో నిలబెట్టి, చుట్టూ తిరిగి, ఇంజనీరు కదా, ఒక గుద్దు గుద్ది చూశారు. వణకలేదు. "మీవాడు బుర్ర ఉన్నవాడే" అన్నారు. ఆ నోట ఆ మాట రావడం ఎంత కష్టమో నీకు తెలుసు.

పర్వత్ పాటియాలో వెంకటవ్వ అని ఉంది, తెలంగాణ నుంచి వలసొచ్చి చీరలకి లేసులు కుట్టే ఆవిడ, మా బ్యాంకు ఖాతాదారు. సంచీ కుట్టించుకుందామని తీసుకెళ్తే పడీపడీ నవ్వింది. "ఏందమ్మా, గీ కట్టె వట్టుకొని గుట్టలెక్కి గద్దలను చూస్తవా? గింత సదువుకొని గిదేం పని? జర ఆగు, బుజం కాడ మెత్తగ కుట్టిస్త" అని చీర ముక్కలు దట్టించి పట్టీకి మెత్త కుట్టింది. పైసా పుచ్చుకోలేదు.

మొన్న ఆదివారం అక్కడే ఉన్నాను. నీ స్టాండు ఆ బండ కింద అచ్చం దానికోసమే చేసినట్టు సర్దుకుంది. గాలి లేచినా కదల్లేదు. ఫణీ, పిల్ల బయటపడింది. బూడిద రంగు నూగు, మెడ ఇంకా నిలవడం లేదు. ఎండ పడకుండా తల్లి రెక్క తెరిచి పట్టుకుంది. ఇంతకుముందెప్పుడూ ఇంత స్పష్టంగా చూడలేదు. అక్కడ ఒక్కదాన్నే కూర్చుని ఏడ్చాను. నువ్వు పక్కనుంటే బాగుండుననిపించింది.

సామాను సంగతి అడిగావు. పాత స్టాండు నేను బస చేసే జమనాబెన్ వాళ్ళింట్లోనే పడేసి వచ్చాను. నమ్మకమా? ఫారెస్టువాళ్ళు అడిగినా గూటి దారి చెప్పని మనిషి. నా మాటంటే ఆమెకి గురి.

నిండు నూరేళ్ళు బతుకు.

మీ అక్క

❖

హైదరాబాద్
25 ఫిబ్రవరి 2006

అక్కా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. ఆఫీసులో ఊపిరాడటం లేదు. పిల్ల సంగతి చదివి చాలా సంతోషించాను. మళ్ళీ ఎప్పుడు వెళ్తున్నావు? మార్చిలో మీ బ్యాంకు లెక్కల మూసివేత కదా, నువ్వు కదలవనుకుంటాను. ఒకసారి రాయి.

ఫణి

❖

సూరత్
6 మార్చి 2006

ఒరే ఫణీ,

సరిగ్గా చెప్పావు. మార్చి అంటే బ్యాంకువాళ్ళకి జైలు. ఆదివారాలు కూడా ఆఫీసే. ఏప్రిల్ సగానికి గానీ వదలరు.

ఒక మాట మనసులో పెట్టుకుని తిరుగుతున్నాను, రాసేస్తున్నాను. పిల్ల ఎగరడానికి మే దాకా పడుతుంది. అప్పుడు రా. నిన్ను నేనే తీసుకెళ్తాను. గూడు ఎవరికీ చూపించకూడదని నేనే పెట్టిన నియమం నేనే తప్పుతున్నాను, కానీ ఆ స్టాండు ఇచ్చినవాడు ఆ స్కోపులోంచి ఒక్కసారైనా చూడకపోతే నాకు తోచదు. బస్సులో మాత్రం కళ్ళకి గంతలు కడతాను, ముందే చెబుతున్నా. సెలవు పెట్టుకో.

మీ అక్క

❖

సూరత్
18 ఏప్రిల్ 2006

ఫణీ,

మొన్న ఆదివారం వెళ్ళాను.

వెంటనే రాద్దామని కూర్చున్నాను. రెండు కాగితాలు చించేశాను.

జమనాబెన్ నన్ను చూడగానే నవ్వుతూ ఎదురొచ్చి, "తమారో భాయ్ బహు సారో మాణస్" అంది. మీ తమ్ముడు చాలా మంచివాడు అని. నాకు అర్థం కాలేదు. మార్చిలో హోళీ ముందు వచ్చాడట. వెంట నలుగురు, పెద్ద పెద్ద కెమెరాలు. "తమారుం నామ్ లీధుం, బెన్. ఎట్లే రస్తో బతావ్యో" అంది. నా పేరు చెప్పావు కాబట్టి దారి చూపించిందట. అక్కే పంపింది అన్నావట. మనిద్దరం కొల్లేరులో తీయించుకున్న ఫోటో కూడా చూపించావట. నీ భుజానికి ఉన్న స్టాండు అచ్చం నాదేనట. అది చూశాక ఆమెకి ఇంక అనుమానం రాలేదు.

నేను పైకి వెళ్ళాను. బండ ముందు టేకు కొమ్మలు నరికి ఉన్నాయి. ఫోటోకి అడ్డం అనుకుంటాను. బిస్కట్ కాగితాలు. గూడు ఖాళీ. గాలి లేచేదాకా కూర్చున్నాను, పెద్దవి రెండూ రాలేదు.

దిగొచ్చాక జమనాబెన్ మిగతాది చెప్పింది. తల్లి గూట్లోంచి కదలకపోతే, రెక్కలు విప్పిన ఫోటో కావాలని మీలో ఒకడు లోయ అవతలికి పోయి, గోడ పైనుంచి రాళ్ళు దొర్లించాడట. తల్లి లేచింది. పిల్ల బెదిరి అంచుకి జరిగింది. దాన్ని జమనాబెన్ వాళ్ళాయన గోడ కింద చూశాడు. ఈక ఇంకా సగమే వచ్చిందట. నాకు చూపించకుండా పాతిపెట్టేశారు. నాకు తెలిసే జరిగిందని ఆమె అనుకుంటోంది. కాదని నేను చెప్పలేదు. చెబితే, నా తమ్ముడు నన్ను మోసం చేశాడని చెప్పాలి కదా.

మార్చిలో నేను కదలనని నీకు నేనే రాసిచ్చాను. మేలో తీసుకెళ్తానని కూడా రాశాను. అది చదివాక కూడా వెళ్ళావు.

ఒక్కటే అడుగుతున్నాను. వాగు ఎన్నిసార్లు దాటాలి, ఎండ ఎటు, గాలి ఎటు, ఇంట్లో ఎవరుంటారు. ఇందులో ట్రైపాడ్ కోసం అడిగినవి ఏవి, నీ కోసం అడిగినవి ఏవి? నిజం రాయి.

శేషారత్నం

❖

హైదరాబాద్
10 మే 2006

అక్కా,

ఇన్ని రోజులూ రాయడానికి మొహం చెల్లలేదు.

అన్నీ ట్రైపాడ్ కోసమే అడిగాను. నమ్ము. ఏ మంచి దుకాణంవాడైనా అవే అడుగుతాడు. నీ జవాబులు చదువుతూ, సరదాకి, ఆ జిల్లా కొండల మ్యాపు తెచ్చి చూశాను. వాగు అలా చుట్టు తిరిగి, పక్కన తూర్పు ముఖంగా నిలువు గోడ ఉన్న చోటు మ్యాపు మొత్తం మీద ఒక్కటే ఉంది. చూడకుండా ఉంటే బాగుండేది. చూశాక మరిచిపోలేకపోయాను.

నీకు చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. ఉద్యోగం డిసెంబరులోనే వదిలేశాను. ఫిబ్రవరిలో ఆఫీసు అని రాసింది అబద్ధం. పక్షుల ఫోటోలు తీసేవాళ్ళని అడవులకి తీసుకెళ్ళే పని మొదలుపెట్టాను. మొదటి ట్రిప్పుకి ఎవరూ చూపించలేనిది చూపిస్తే నిలదొక్కుకుంటాననుకున్నాను. స్టాండ్లు రెండు తెప్పించిందీ అందుకే. జమనాబెన్ పేరు అడిగేసరికి మాత్రం, అవును, ట్రైపాడ్ ఒక్కటే మనసులో లేదు.

రాళ్ళు దొర్లించింది నేను కాదు. వద్దని అరిచాను. వాళ్ళు డబ్బు కట్టి వచ్చినవాళ్ళు, గట్టిగా అనలేకపోయాను. పిల్లకి ముందే ఏదైనా జబ్బు ఉందేమో కూడా మనకి తెలియదు కదా.

వాటిలో ఒక ఫోటో ఒక కంపెనీ క్యాలెండరులో వేస్తున్నారు. కింద నీ పేరు కూడా వేయిస్తాను. చూపించింది నువ్వే కదా. ఏమంటావు?

నన్ను తిట్టు. కానీ రాయడం మానకు.

ఫణి

❖

హైదరాబాద్
2 నవంబరు 2006

అక్కా,

ఇది మూడో ఉత్తరం. వరదలప్పుడు ఫోన్ చేస్తే బావగారు "క్షేమమే" అని పెట్టేశారు. క్యాలెండరుకి ఫోటో ఇవ్వనని చెప్పేశాను. మళ్ళీ గూళ్ళ కాలం వచ్చింది. అవి వచ్చాయా? ఒక్క ముక్క రాస్తే చాలు. రాత్రుళ్ళు అదే కళ్ళ ముందు మెదులుతోంది.

ఫణి

❖

సూరత్
10 డిసెంబరు 2006

ఫణికుమార్‌కి,

నీ ఉత్తరాలన్నీ అందాయి. వరదలో కింది వాటా మునిగింది, మేం పైనున్నాం. మనుషులం బాగానే ఉన్నాం.

క్యాలెండరు కింద నా పేరు వేయిస్తానన్నావే, ఆ వాక్యం చదివాక నీ మీద మిగిలిన కాస్త జాలీ పోయింది. రాళ్ళు వేసినవాడెవడో నాకు తెలియదు. వాడి మీద నాకు కోపం లేదు. వాడికి నేను ఎండ ఎటు పడుతుందో రాయలేదు.

ట్రైపాడ్ రైల్వే పార్సెల్‌లో పంపుతున్నాను. కోపంతో విసిరికొట్టడం కాదు. దాని తప్పేం లేదు, ఇంత మంచి స్టాండు నేను వాడలేదు. నేను కూర్చునే చోటు మార్చాను. ఆ బండ ఇప్పుడు నలుగురికీ తెలుసు. జమనాబెన్‌కి చివరికి అంతా చెప్పాను. తర్వాత తనే ఇంకో దారి చూపించింది. కొత్త చోట కూర్చుంటే కొండగడ్డి అడ్డం వస్తుంది, నిలబడే చూడాలి. అక్కడ నీ కూర్చుని చూసే స్టాండు పనికిరాదు. ఖటోదరా ఇనుప స్టాండే మళ్ళీ భుజానికెత్తుకున్నాను. పట్టీ మెత్త విప్పించి దానికి మార్చి కుట్టమంటే, వెంకటవ్వ "గా తేలికది ఏమాయె, తమ్ముడు ఇచ్చిందంటివి?" అంది. సరిపోలేదని చెప్పాను.

అవి వచ్చాయా అని అడిగావు. నీకు ఊహ తెలిసినప్పటి నుంచీ నేను చూసి నీకు రాయని పిట్ట లేదు. వచ్చాయో రాలేదో ఈసారి రాయను. ఇకమీదట కూడా రాయను.

కొత్త చోటు ఎంత దూరమని అడగకు. వాగు ఎన్నిసార్లు దాటాలని అడగకు. గాలి ఎటు నుంచి వస్తుందని కూడా అడగకు.

భుజం బాగా నొప్పెడుతోంది. అయినా ప్రతి ఆదివారం వెళ్తున్నాను.

శేషారత్నం